కోటలకి వాస్తు చూసిన ఆంటీ

జనవరిలో గుళ్ళో పంచే తెలుగు క్యాలెండర్ మీద ఈసారి ఆంటీ ఫోటో లేదు. షికాగో పక్కన మా నేపర్‌విల్‌లో తెలుగువాళ్ళ ఫ్రిజ్‌ల మీద ఏళ్ళ తరబడి ఒకటే మొహం ఉండేది. మెరూన్ కోటు, రూపాయి బిళ్ళంత బొట్టు, కట్టుకున్న చేతులు. రాహుకాలం ఎప్పుడో చూద్దామని తలెత్తితే ముందు ఆవిడ నవ్వు కనిపించేది, దాని కింద ఇళ్ళు కొనాలన్నా అమ్మాలన్నా పిలవమని ఫోన్ నంబరు. ఇప్పుడు ఆ చోట టై కట్టుకున్న కుర్రాడెవరో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"హూ ఈజ్ దిస్ అంకుల్? కోట ఆంటీ ఎక్కడ?" అంది మా అమ్మాయి. దానికి ఏడేళ్ళు.

ఆంటీ ఇక లేరని అక్టోబర్‌లోనే చెప్పాను దానికి. మర్చిపోయిందో, మనుషులు పోయినా క్యాలెండర్లలో ఉంటారనుకుందో. నాకు మాత్రం ఆ కుర్రాడి మీద అకారణంగా కోపం వచ్చింది. ఇతను ఏ ఇంటి గోడకైనా ఎప్పుడైనా చెవి ఆనించి ఉంటాడా?

ఆంటీ ఆనించేవారు. ఇల్లు చూపించడానికి వస్తే గుమ్మం బయటే షూస్ విప్పేసి వట్టి కాళ్ళతో లోపలికి నడిచేవారు. కార్పెట్ కింద తడి ఉంటే పాదానికే తెలుస్తుందట. వేలి కణుపుతో గోడని టకటకా కొట్టి, చెవి పెట్టి, లోపలినుంచి ఎవరో జవాబు చెప్తారన్నట్టు ఆగేవారు. బాత్‌రూమ్‌లన్నిట్లో ఫ్లష్ నొక్కేవారు. ఆఖర్న హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇత్తడి దిక్సూచి తీసి, అరచేతిలో పెట్టుకుని హాలు మధ్యలో నెమ్మదిగా చుట్టూ తిరిగేవారు. మా ఊరి తెలుగువాళ్ళు వంటింట్లో గ్రానైట్ లేకపోయినా సర్దుకుంటారు కానీ, గుమ్మం దక్షిణానికి ఉంటే కారు కూడా దిగరు. ఆవిడకి వాస్తు మీద నిజంగా నమ్మకం ఉందో, మాకుంది కాబట్టి ఆవిడా పెట్టుకున్నారో చివరిదాకా నాకు తెలియలేదు.

ఇళ్ళ గురించి మనుషుల గురించి చెప్పినట్టే చెప్పేవారు. "పాపం, వీడికి రూఫ్ వయసైపోయింది కానీ ఎముక గట్టిది." కొత్తగా పెయింట్ కొట్టిన ఇల్లయితే పెదవి విరిచి, "ఈవిడకి మేకప్ ఎక్కువ. మొహం కడిగితే కానీ తెలీదు."

మాకు ఆవిడతో పని పడింది ఇళ్ళ ధరలు పడిపోయి అందరూ కొనేస్తున్న రోజుల్లో. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్ళు. జులై ఆఖరుకి మా అపార్ట్‌మెంట్ లీజ్ అయిపోతుంది. ఇల్లు కొనడానికి మాకు అన్నీ ఉన్నాయి, నా 'సరే' తప్ప. మా ఆయనకి చూసిన ప్రతి ఇల్లూ నచ్చేది. నాకు ప్రతి ఇంట్లోనూ మా చిన్నదానికి ప్రమాదం జరిగే చోటు ఒకటి కనిపించేది. ఒకచోట మెట్ల కటకటాల మధ్య దాని తల ఇరుక్కుంటుంది. ఇంకోచోట పెరటివైపు చెక్కల డెక్ మరీ ఎత్తుగా ఉంది. రైల్వే స్టేషన్ పక్క ఇల్లు చూసి, "స్టేషన్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు!" అని మా ఆయన సంబరపడితే, "అదే కదా, ఇదీ నడిచి వెళ్ళిపోతుంది" అన్నాను.

ఆ జూన్‌లో దొరికింది చెరువిల్లు. గుమ్మం తూర్పుకి, వంటిల్లు ఆగ్నేయంలో, వెనకాల గడ్డి దాటితే చెరువు, మధ్యలో ఫౌంటెన్, బాతులు. మా ఆయన ఆ డెక్ మీద నిలబడి చెరువుని చూసినట్టు పెళ్ళిచూపుల్లో కూడా నన్ను చూడలేదు. ఆ కాలనీలో చెరువు వైపు ఫెన్స్ వెయ్యకూడదట. అమ్మేవాళ్ళకి మా మీద ఎందుకో అభిమానం కలిగి, మేము ట్రిప్ నుంచి తిరిగొచ్చేదాకా జవాబు కోసం ఆగుతామన్నారు.

ట్రిప్ ఆంటీ వాళ్ళతోనే. ప్రతి జూన్‌లో ఆంటీ, అంకుల్ ఆల్ప్స్ కొండల్లో కోటలు చూడ్డానికి వెళ్ళేవారు. ఆ ఏడు వాళ్ళతో రావాల్సిన స్నేహితులు మానుకుంటే, వ్యాన్‌లో సీట్లున్నాయి రమ్మని వేసవికి చాలా ముందే మమ్మల్ని అడిగారు. చెరువిల్లు మధ్యలో వచ్చి పడింది. "అక్కడ చూసేవి కూడా ఇళ్ళేనమ్మా. కాకపోతే కొనమని నిన్నెవరూ అడగరు" అన్నారు ఆంటీ.

నేను సర్దిన పెట్టెలో రైస్ కుక్కర్ ఉంది, రెండు థర్మామీటర్లు ఉన్నాయి, పిల్లలు వేళ్ళు పెట్టకుండా కరెంటు ప్లగ్గులకి పెట్టే ప్లాస్టిక్ మూతలు ఒక సంచీడు ఉన్నాయి. ఆస్ట్రియాలోని టిరోల్‌లో దిగాక తెలిసింది, ఆ దేశం ప్లగ్గులకి గుండ్రటి కన్నాలని, మన మూతలు పట్టవని. మొదటి సాయంత్రమంతా నేను నేల మీద కూర్చుని గది గదికీ ప్లగ్గులకి టేపు అంటిస్తుంటే ఆంటీ పక్కన కూర్చుని టేపు కత్తిరించి ఇచ్చారు. నవ్వలేదు. "ఆ సోఫా వెనకాల ఒకటి మిగిలిపోయింది" అన్నారు.

మర్నాటి నుంచి కోటలు. అక్కడ ప్రతి కొండ మీదా ఒకటుంటుంది. మా చిన్నది వీపున కోతిబొమ్మ బ్యాగ్ తగిలించుకుని ముందు నడిచేది, తాడులా పొడుగ్గా ఉండే ఆ కోతి తోక నా చేతిలో. అంకుల్ కింద వ్యాన్‌లోనే ఉండిపోయేవారు. "నాకు మోకాళ్ళు, కోటలకి మెట్లు. ఇద్దరికీ పడదమ్మా" అనేవారు, సీటు వెనక్కి వాల్చుకుంటూ.

ఆంటీ కోటని చూసే పద్ధతి, నేపర్‌విల్‌లో ఇల్లు చూసే పద్ధతి ఒకటే. షూస్ మాత్రం విప్పేవారు కాదు. పదడుగుల మందం రాతిగోడని కణుపుతో కొట్టి, చెవి పెట్టి, తృప్తిగా తలాడించి, "డ్రైవాల్ కాదు" అనేవారు, మా ఊరి ఇళ్ళ అట్టగోడల్ని తలుచుకుని. మొదటి కోటలో గైడ్, జడ చుట్టుకున్న పొడుగాటి అమ్మాయి, ఆ వంశం రాజుల కథంతా చెప్పి ఏమైనా అడుగుతారా అంది. ఆంటీ చెయ్యెత్తారు.

"హౌ మెనీ బాత్‌రూమ్స్?"

గైడ్ గోడ బయటికి వేలాడుతున్న రాతి అరలాంటిదాన్ని చూపించింది. లోపల రాతి పలకకి కన్నం. ఆ కన్నంలోంచి ఎక్కడో కింద పైన్ చెట్ల చిటారు కొమ్మలు. నేను మా చిన్నదాన్ని రెండు చేతులా ఎత్తేసుకున్నాను. ఆంటీ మాత్రం దాని గడప దగ్గరే ఆగి, పక్క గదిని చూపించి, "మాస్టర్ బెడ్‌రూమ్‌కి అటాచ్డ్! ఆ రోజుల్లోనే!" అన్నారు.

తర్వాత దిక్సూచి బయటికొచ్చేది. కూలిపోయిన కోటలన్నిటికీ ఆవిడ దగ్గర కారణముండేది. "బావి నైరుతిలో తవ్వారు. మగ సంతానం లేక వంశం అంతరించిందంటే అంతరించదూ?" ఇంకో చోట వంటింటి పొయ్యి ముందు నిలబడి, "ఈశాన్యంలో నిప్పు పెట్టి, శత్రువులు కాల్చేశారని శత్రువుల మీద నింద!" ఒక కోట మటుకు చెక్కు చెదరకుండా ఉంది, సొంతదారులు ఇంకా అందులోనే కాపురముంటున్నారు. ఆంటీ ఉత్సాహంగా దిక్సూచి తీసి తిరిగారు. ఆగారు. మళ్ళీ తిరిగారు. దాన్ని చటుక్కున మూసేసి బ్యాగ్‌లో వేసుకున్నారు.

"ఏమైందాంటీ?"

"బ్యాటరీ అయిపోయింది."

"దిక్సూచికి బ్యాటరీ ఏంటాంటీ?"

"పెద్దవాళ్ళని అన్నీ అడక్కూడదు. పద."

మధ్యాహ్నాలు ఏ మొండిగోడ మీదో కూర్చుని, రేకు కాగితంలో చుట్టి తెచ్చిన పులిహోర తినేవాళ్ళం. ఈ కోటల పిచ్చి ఎక్కడిదని ఒకసారి అడిగాను. పెళ్ళైన కొత్తలో అంకుల్‌కి ఆ చుట్టుపక్కల టర్బైన్లు చేసే కంపెనీలో ఉద్యోగమట. ఒక్క గదిలో కాపురం, భాష రాదు, సినిమాకి వెళ్ళేంత జీతం లేదు. "ఆదివారం ఎక్కడికి పోతాం? కూలిపోయిన కోటలకైతే టికెట్ లేదు. ఒక్కో కోటలో కూర్చుని, ఇది హాలు, ఇది పూజగది అని నాకు నేనే సర్దుకునేదాన్ని. ఇళ్ళు చూపించడం ఇక్కడే నేర్చుకున్నా. అప్పుడు కొనేవాళ్ళే లేరు." చెప్పి, వేళ్ళు నాకి, "ఇంగువ తక్కువైంది" అన్నారు.

ఇలా తిరుగుతున్నంతసేపూ చెరువిల్లు నాకూ మా ఆయనకీ మధ్య నడుస్తూనే ఉంది. మా ఆయన ఏ కందకం చూసినా, "వీళ్ళ ఇంటికీ నీళ్ళున్నాయి, చూడు" అనేవాడు. "అది మనుషులు పడి చావడానికి తవ్వింది" అనేదాన్ని. నవ్వేవాళ్ళం కానీ, రాత్రి చిన్నది పడుకున్నాక నవ్వు ఉండేది కాదు. సోమవారం జవాబు చెప్పాలి. ఇది కాదంటే ఇంక నేను ఏ ఇంటికీ సరే అనలేనని అతనికి అర్థమైపోయింది. నాకూ అర్థమైంది. అది బయటికి ఎవరు ముందు అంటారా అని చూస్తున్నాం.

తిరుగు ప్రయాణానికి ముందురోజు చూసింది ఒక ఊరి నెత్తిన ఉన్న శిథిలం. నాలుగు మొండిగోడలు, గడ్డి, ఒక్క బురుజు మాత్రం నిలువుగా మిగిలింది. దాని లోపల ఈ కాలంవాళ్ళు పెట్టిన చెక్కమెట్లు. గేటు దగ్గర తాళాలగుత్తితో ఒక ముసలావిడ, ఐదింటికి మూసేస్తానని ముందే చెప్పింది. ఆంటీ ఎప్పట్లాగే బురుజు మొదట్లో నిలబడి రాళ్ళు కొడుతుంటే మా ఆయన అన్నాడు:

"ఏంటాంటీ, వారం నుంచి చూస్తున్నా. మమ్మల్ని పైకి తరుముతారు, మీరు మాత్రం కిచెన్ దగ్గరే ఆగిపోతారు. భయమా?"

"భయమా? నాకా?" అన్నారు ఆంటీ. హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకున్నారు. "ఉండు. వ్యూ చూసొస్తా. వ్యూ లేనిదే ధర రాదు." మెట్లెక్కి లోపల మాయమయ్యారు.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత పైనుంచి పిలుపు.

"అమ్మాయ్!"

"ఏంటాంటీ?"

"ఊరికే. వ్యూ బావుంది. పైకి రా."

"చిన్నదుంది కదాంటీ!"

కాసేపాగి, "అబ్బాయికిచ్చి రా." ఇంకాసేపాగి, గొంతు సన్నగా, "తొందరేం లేదు. కానీ రా."

ఆ 'తొందరేం లేదు' సంగతి నాకు తెలుసు. పిల్లకి కాస్త ఒళ్ళు వెచ్చబడితే డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేసి నేను మొదలుపెట్టే మాట అదే. కోతి తోక మా ఆయన చేతిలో పెట్టాను. ఆ వారంలో నేను దాన్ని వదిలింది అప్పుడే.

"రెండు చేతులతో పట్టుకో."

"ఒకటి చాలదా?"

"రెండు."

మెట్ల పలకల మధ్య ఖాళీలున్నాయి. ఎక్కుతున్నకొద్దీ ఆ ఖాళీల్లో కింది నేల చిన్నదైపోతోంది. పైన ఆంటీ ఒక మూల గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. గోడలోని ఇనప కడియాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. బొట్టు చెమటకి జారి ముక్కు దాకా వచ్చింది.

"వ్యూ ఎలా ఉందాంటీ?"

"ఇంకా చూడలేదు."

"కళ్ళు తెరవండి."

"తెరిస్తే కనపడుతుంది కదా."

"అంకుల్‌ని పిలవనా?"

"వద్దు! కాపురానికొచ్చినప్పటి నుంచి ఆయనకి తెలీకుండా నెట్టుకొస్తున్నా."

"పోనీ మా ఆయన్ని?"

"ఛ, క్లయింటు!"

"నేనూ క్లయింటునే ఆంటీ."

"నువ్వు కొన్నాక."

అంత భయంలోనూ ఆ మాట అనగలిగారు చూడండి, అప్పుడే నాకు ధైర్యం వచ్చింది. ఆవిడ పక్కన కూర్చున్నాను. భయపడొద్దు అని నేను అనలేదు. జీవితంలో నాతో ఆ మాట అనని వాళ్ళు లేరు, దానివల్ల ఒక్కసారీ ఉపయోగం కలగలేదు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పాను.

"కళ్ళు తెరవక్కర్లేదు. వెనక్కి తిరగండి. పొట్ట మెట్లకి ఆనించండి. చేతులు పై మెట్టు మీద. కాలు ఎక్కడ పెట్టాలో నేను పట్టుకుని పెడతాను."

"ఇలా ఎవరు దిగుతారే?"

"మా చిన్నది."

అలాగే దిగాం. నేను ఒక మెట్టు కింద, ఆవిడ పాకుతూ పైన. ఆవిడ మడమ పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెడుతున్నాను. ఆవిడ నోరు మాత్రం ఆగలేదు. ఈ చెక్క మంచిది కాదన్నారు, ఈ మేకులు చూడమన్నారు. సగం దిగాక కాలు పెట్టి, తియ్యకుండా ఆగిపోయారు.

"ఆ చెరువిల్లు చూడగానే నీకేం కనపడింది? నిజం చెప్పు."

ఆ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఎందుకొద్దు అనే అడిగారు అందరూ.

"నేను స్టవ్ దగ్గరున్నాను. పోపు పెడుతున్నాను. ఇది బాతుని చూసింది. తలుపు తెరుచుకుంది. ఆవాలు చిటపటలాడేంతసేపు చాలు ఆంటీ."



"నాకూ అంతే. మెట్టు చూస్తే ముందు నేను పడిపోవడం కనపడుతుంది. ఆ తర్వాతే మెట్టు కనపడుతుంది." చెంప గోడకి ఆనించుకున్నారు. "ఈ గోడ మందం చూశావా? ఇది ధైర్యం ఉన్నవాడు కట్టింది కాదు. ధైర్యం ఉన్నవాడైతే కింద ఏటిపక్కన హాయిగా కట్టుకునేవాడు. కొండెక్కి, కిటికీలు చేతి వెడల్పున పెట్టుకుని, కందకం తవ్వుకుని... వీళ్ళంతా నీ టైపేనే."

నవ్వొచ్చింది నాకు. ఆవిడ మడమ నా చేతిలో ఉంది, అదీ ఊగింది. కింద నుంచి తాళాలావిడ కేక, "క్లోజింగ్!"

"వన్ మినిట్ మేడమ్!" గోడని కరుచుకునే ఆంటీ అరిచారు. "వీ ఆర్ చెకింగ్ ద ఫౌండేషన్!"

నేల తగలగానే ఆవిడ కళ్ళు తెరిచి, మోకాళ్ళు దులుపుకుని, బొట్టు సరిచేసుకుని బయటికి నడిచారు. "అబ్బాయ్, వ్యూ అద్భుతం." మా ఆయన రెండు చేతులతో తోక పట్టుకునే నిలబడి ఉన్నాడు. ఏమేం కనపడ్డాయని అడిగాడు. "మీ ఆవిణ్ణి అడుగు. నేను చెప్తే సేల్స్ అంటావు."

వ్యాన్ కొండ దిగుతుండగా, ముందు సీట్లోంచి తిరిగి చూడకుండానే అన్నారు, "బాబూ, ఆ చెరువిల్లు మనకొద్దు."

"ఆంటీ! బెస్ట్ డీల్ అన్నది మీరే కదా?"

"డీల్ బెస్టే. నువ్వు పొద్దున్నే ట్రైన్ ఎక్కి ఆఫీస్‌కెళ్తావు. సాయంత్రం దాకా ఆ చెరువుకి కాపలా ఎవరు?"

మా ఆయన ఏదో అనబోయి నా వైపు చూశాడు. నా ఒళ్ళో చిన్నది నిద్రపోతోంది. నేను ఏడుస్తున్నానని అప్పుడు గమనించాడు. చిన్నది జారకుండా దాని కాళ్ళు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. స్టీరింగ్ తిప్పుతూ అంకుల్ మాత్రం, "మీ ఆంటీ తన నోటితో అమ్మకం చెడగొట్టుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. పైన ఏం జరిగింది?" అన్నారు.

"మీరు రోడ్డు చూడండి" అన్నారు ఆంటీ.

తిరిగొచ్చాక చెరువిల్లు ఇంకెవరో కొనుక్కున్నారు. లీజ్ అయిపోవడానికి పట్టుమని రెండు వారాలు లేవు. ఒకరోజు ఆంటీ ఫోన్ చేసి, "చూడ్డానికి ఏమీ లేదు. ఓసారి వచ్చి చూడు" అన్నారు.

నిజంగానే ఏమీ లేదు. ఒకటే అంతస్తు. పాతకాలపు పచ్చ టైల్స్. వెనకాల ఫెన్స్, గడ్డి, ఒక్క మేపుల్ చెట్టు. సింక్ ముందు కిటికీలోంచి పెరడు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనపడుతుంది. ఆంటీ ఆరోజు గోడలు కొట్టలేదు, గుమ్మం ఏ దిక్కో చెప్పలేదు. మా ఆయన ఆశపడ్డం మానేసినవాడిలా హాల్లో అటూ ఇటూ నడుస్తున్నాడు. నేను గదులన్నీ చూశాను. మళ్ళీ చూశాను. వంటింట్లో ఆంటీ దగ్గరికొచ్చి నిలబడ్డాను.

"నాకేం భయం వెయ్యట్లేదాంటీ" అన్నాను, భయంగా.

ఆవిడ మొహం చిన్నబోయింది. "అదేంటి? అలా ఉండదే. నువ్వు సరిగ్గా చూసుండవు. పద."

ఇద్దరం కలిసి వెతికాం. ఆవిడ కిటికీల గడియలు లాగి చూశారు. గరాజ్ తలుపు కింద చీపురు అడ్డం పెట్టి, మూసుకుంటూ ఆగుతుందో లేదో చూశారు. నేను అలమరలు, పొయ్యి మీటలు. "ఇది?" "ఉహూ." "పోనీ ఇది?" "దానికి గొళ్ళెం పెట్టచ్చు." అలా బేస్‌మెంట్‌లోకి దిగాం. అక్కడ, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వెనకాల చీకట్లో దొరికింది. హైదరాబాద్ ఇళ్ళలో నీళ్ళు పట్టుకునే సంపు లాంటిదే, ఇక్కడ వానలకి ఊరిన నీళ్ళని బయటికి తోడెయ్యడానికి. గుండ్రటి గొయ్యి, పైన ఏమీ లేదు, అడుగున నల్లటి నీళ్ళు. నా చెయ్యి కోతి తోక కోసం వెతుక్కుంది.

ఆంటీ నా మొహం చూశారు. గుండె నిండా గాలి పీల్చుకుని వదిలారు.

"హమ్మయ్య, ఉంది!"

ఆ గొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, బ్యాగ్‌లోంచి కొలతల టేపు తీసి, నీళ్ళ మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకి లాగి పట్టుకున్నారు. కొలత చదవడానికి కళ్ళు చికిలించారు.

"దీనికి మూత దొరుకుతుందమ్మా" అన్నారు. "చెరువుకి దొరకదు."

పైన మా ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మెట్ల దగ్గరికి పరిగెత్తి, పైదాకా వినపడేట్టు గట్టిగా అరిచాను, సరే అని.